గొడుగుగట్టు

పూర్వము రేవులపాడను కాలువయూరిలో సర్వారాయుడను దొర యుండెను. ఒక వేసవిని ఆయన రైతులను గట్టుపైకి పిలిపించి, “ఈ కాలువంతా మా తాతగారే తవ్వారు. ఇకమీదట మా పొలాలు నిండాకే మీకు నీళ్లు” అనెను. తమ నారుమళ్లు ఎండిపోవునని రైతులు దిగులుపడిరి.

మట్టిపని చేసికొని బ్రదుకు ఓబులమ్మ తన పారను తెచ్చి దొర పాదములకడ నుంచెను.

“ఇదేమిటే ఓబులూ?”

“తవ్వినవాళ్ల వంశమే ఏటా పూడిక తియ్యాలన్నది మన ఊరి కట్టుబాటు గదా దొరా. మా తాతలు తవ్వారనుకొని ఇన్నేళ్లూ మేము దిగాం. రేపు పొద్దున్నే తమరు దిగండి. మోకాటిలోతు బురదే.”

దొర తన పట్టుపంచెను, బురదను మార్చిమార్చి చూచెను.

“మా తాతగారు గట్టున గొడుగు కింద కూర్చున్నారంతేలేవే” అనెను.

ఆ యేట నీరు ఎప్పటివలెనే అందరి మళ్లకును పారెను. ఆ గట్టునకు మాత్రము గొడుగుగట్టను పేరు స్థిరపడెను.