నిండు గంప చట్టం

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమైనా నా ముప్పై మూడు పళ్ళూ ఇక్కడే రాలిపోవాలి.

అడవిలో పానకాలు అనే పందికొక్కుకి పదిహేడు కొట్లు, వాటన్నిటి కిందుగా ఒకటే సొరంగం. వానాకాలం కోసం జంతువులన్నీ పల్లీలు ఆ కొట్లలోనే దాచుకునేవి. ఏనుగు రాజుగా ఉన్నన్నాళ్ళూ కొట్లకి ఏ కట్టడీ లేదు. ఓ ఏడాది అన్నీ ఖాళీ అని తేలింది. ఆకలికి జంతువులు ఎంత చిక్కిపోయాయంటే, వాటికి నీడ పడటం కూడా మానేసింది.

ఏనుగుని దింపి సింహాన్ని గద్దెనెక్కించారు. కొట్టుకొక నిండు గంప ఎప్పుడూ ఉండాలని సింహం చట్టం రాసింది. రాసేరోజున పానకాలు సభకి నలభై బానల పాయసం పంపాడు. పాయసం అయిపోయేసరికి చట్టంలో ఓ వాక్యం పెరిగింది: తనిఖీకి ముందు డప్పు కొట్టి చెప్పాలి.

తనిఖీదారు తాబేలు తాతబ్బాయి. కొట్టు నుంచి కొట్టుకి ఆయన నడక తొమ్మిది రోజులు.

ఉడత గవరమ్మకి నలుగురు పిల్లలు. మబ్బులు కమ్ముకొచ్చాయి.

"నా పల్లీలు ఇచ్చెయ్ పానకాలన్నా."

"అయ్యో చెల్లెమ్మా, గంపలో చెయ్యి పెడితే చట్టం ఊరుకుంటుందా?"

గవరమ్మకి ఒళ్ళు మండింది. తాతబ్బాయి దగ్గరికి పరిగెత్తింది.

"బాబాయ్, కొట్లన్నీ నిండుగానే ఉన్నాయా?"

"బ్రహ్మాండం అమ్మాయ్! ఎంత పద్ధతనుకున్నావ్, పదిహేడు గంపలకీ అంచున ఒకే చోట చిరుగు!"

గవరమ్మ తోక నిక్కబొడుచుకుంది. "మీ తమ్ముళ్ళెందరు?"

"పదహారు మంది. కొట్టు పక్కన ఒకడు చొప్పున కాపురాలు. మమ్మల్ని మా అమ్మే పోల్చుకోలేదు."

ఆ రాత్రే గవరమ్మ తమ్ముళ్ళందరినీ తలా ఓ కొట్టు గుమ్మంలో నిలబడమని చెప్పొచ్చింది. మర్నాడు తనే డప్పు కొట్టింది. "తాతబ్బాయి గారొస్తున్నారహో!"

పదిహేడు గుమ్మాల్లో పదిహేడు తాబేళ్ళు. అసలాయన ఎవరో పానకాలుకి అంతుపట్టలేదు. ఉన్న ఒక్క గంపా నెత్తినెత్తుకుని సొరంగంలో ఇటు ఉరికాడు, అటు ఉరికాడు. గంప కాస్తా కళ్ళమీదికి జారింది. దారి తప్పి, సింహాసనం కింది నేల పగలదీసుకుని పైకి తేలాడు. సింహం ఒళ్ళంతా పల్లీల వాన!

"ఏమిటిది?" గర్జించింది సింహం.

"పదిహేడు కొట్ల సరుకు మహారాజా," అంది డప్పుతో సహా అక్కడికి ఉరికొచ్చిన గవరమ్మ. "ఇంతే."

సింహం ఆ డప్పు వాక్యాన్ని చింపి నమిలి మింగేసింది. పానకాలు మంచం కింద మూడు కొండల పల్లీలు దొరికాయి. తొలి చినుకు పడేలోగా గవరమ్మ తన వాటా ఇంటికి చేరేసింది. పానకాలు ఇప్పటికీ ఆ కొట్లు ఊడుస్తూనే ఉన్నాడు.

ముందే చెప్పి వచ్చే తనిఖీకి దొంగ కొట్టూ నిండుగానే కనిపిస్తుంది.

సరేగానీ, నువ్వు లేచి వంటింట్లో పల్లీ ఉండల డబ్బా ఏమాత్రం నిండుగా ఉందో చూసిరా. తాతయ్య అక్కడే ఉన్నాడు, అడుగుల చప్పుడు కాకుండా వెళ్ళు.