కాశీకి చెప్పులు

మంత్రి పదవి గడువు సగం కాగానే, జనం కుండల్లో గవ్వలేసి సభ పెద్దలను ఎన్నుకోవడం ఆ రాజ్యం ఆచారం. ఈసారి దండోరా వేశారో లేదో, మంత్రి పక్షంలోని తొమ్మిదిమంది పెద్దలు, "కాశీకి నడిచిపోతాం, పోటీ చేయం" అనేశారు.

"అదంతా భక్తి ప్రభూ! నేను వేసిన కొత్త నీటిపన్ను మీద జనానికి కోపమే లేదు. నేనైతే ఎక్కడికీ పోను!" అన్నాడు మంత్రి గుండప్ప, నడివీధిలో రాజుగారి ముందు.

చెప్పులు కుట్టే ఈరన్న గుంపును తోసుకుని ముందుకొచ్చాడు.

"ప్రభూ, ఊరందరికీ చెప్పులు కుట్టేది నేనొక్కణ్ణే. ఆ తొమ్మిదిమందిలో ఒక్కరూ జత కుట్టించుకోలేదు. కాశీదాకా ఎలా నడుస్తారు? వాళ్లు పారిపోతున్నది మా గవ్వలకు భయపడి!"

"మరి మంత్రిగారో?" అడిగాడు రాజు.

"ఆయన మాత్రం దూరప్రయాణానికని నిన్ననే గట్టివి కుట్టించుకున్నారు!"

జనం ఘొల్లున నవ్వారు. గుండప్ప మెల్లగా వెనక్కి అడుగేశాడు. కొత్తచెప్పులు కిర్రుమన్నాయి.