సుంకులమ్మ దిక్కు

బొమ్మలు కదలడం నేర్చి, ఇంకా మాటలు నేర్వని కాలమది. అనగా అనగా ఆ కాలంలో, నీళ్ళు లేని ఎర్రమన్ను సీమలో, సంత సంతకూ తిరిగే బొమ్మల గుడారం ఒకటుండేది. ఆ గుడారానికి నీళ్ళు మోసే మనిషి ఒకతె ఉండేది. ఆమె పేరు సుంకులమ్మ.

మొగుడు బావి తవ్వుతూ మన్ను విరిగిపడి పోయాడు. ఆ మరుసటేడే కరువొచ్చింది. ఇంత సంగటి దొరికితే చాలని ఆమె గుడారం వెంట పడింది.

గుడారం నల్లగుడ్డది. వేస్తే పట్టపగలే లోపల చీకటి. వాకిలి పక్కన, తెర మీదికి బొమ్మలు వేసే యంత్రం. యంత్రం పిడి తిప్పేవాడు దస్తగిరి. నడుమ జనం. ఆ కొసన తెర. తెర వెనక సుంకులమ్మ.

ఆమెకు మూడు పనులు. పొద్దున వంకకు పోయి నీళ్ళు తేవాలి. ఆట ముందు దుమ్ము లేవకుండా నేల తడపాలి. ఆట నడుస్తుంటే తెర తడపాలి. తడి ఆరితే తెర గాలికి కొట్టుకొని బొమ్మ వణికేది. అందుకని ఆట మొదలు నుంచి కొస దాకా ఆమె తెర వెనకే ఉండేది. అక్కడి నుంచి చూస్తే బొమ్మ తిరగబడి కనిపిస్తుంది. సుంకులమ్మ చూసిన రాజులందరూ ఎడమ చేత్తోనే కత్తి తిప్పారు.

గుడారం ఆసామి పరాంకుశం. గుడ్డ ఎత్తి దొంగతనంగా దూరేవాళ్ళంటే అతనికి మంట. మూడు పక్కలా గుడ్డ అంచుకు గూటాలు దిగ్గొట్టించి, చుట్టూ కంపచెట్లు నరికించి వేయించేవాడు. పోవాలన్నా రావాలన్నా ఒక్కటే వాకిలి.

ఆమె చేరిన మూడో ఏడు, మొదటి సంతలో ఉక్కకు ఒక చంటిబిడ్డ సొమ్మసిల్లింది.

"సామీ, తెర ఎనక ఒగ పక్క గూటాలు పీకిపెట్టు. జనానికి ఊపిరాడల్యా" అంది సుంకులమ్మ.

"నీ పని నీళ్ళు. నీళ్ళు పొయ్" అన్నాడు ఆసామి.

రెండో సంతలో యంత్రం దీపం ఎగిసి దస్తగిరి చొక్కా చెయ్యి కాలింది.

"సామీ, నిప్పు కాడ ఇంతమందిని మూసిపెట్టగూడదు. ఒగ పక్క ఇడిసిపెట్టు."

"నీ పని నీళ్ళు. నీళ్ళు పొయ్."

మూడో సంతలో ఆమె అడగలేదు. తానే ఒక గూటం పీకింది. ఆసామి ఆ గూటంతోనే ఆమె వీపు మీద కొట్టాడు. ఆ పూట సంగటి పెట్టనివ్వలేదు.

"నీ పని నీళ్ళు" అన్నాడు. "నీళ్ళు పొయ్."

ఆ తర్వాతది పశువుల సంత. ఎద్దులు అమ్మినవాళ్ళు, కొన్నవాళ్ళు, పిల్లాజెల్లా, గుడారం కిక్కిరిసింది. బొమ్మల చుట్ట పాతది, నాలుగు చోట్ల అతుకులు. నడిమిట్లో యంత్రంలో చిక్కుకుంది. దీపం వేడి ఒక్క చోటే పడింది. ఎండుబోద అంటుకున్నట్టు భగ్గుమంది. వాకిలి పక్కనే మంట.

జనానికి తెలిసింది ఆ వాకిలి ఒక్కటే. అందరూ మంట వైపే పరుగెత్తారు. పడ్డవాళ్ళ మీద పడ్డారు.

తెర వెనక సుంకులమ్మ దగ్గర కంప నరికే కొడవలి ఉంది. గుడ్డను నిలువునా చీల్చింది. కంప తోసింది. చేతులు చీరుకుపోయాయి. బయట ఎండ, గాలి. అడుగేస్తే బతికేది.

కానీ లోపలి నల్లటి పొగలో ఆ వెలుతురు ఎవరికీ కనపడలేదు. ఆమె తడి తెర లాగి నెత్తిన కప్పుకొని పొగలోకి నడిచింది.

"ఇట్ల రాండి! నా గొంతెంబడి రాండి!"

కొందరు విన్నారు. పాక్కుంటూ ఆ గొంతు వెంట పోయి చీలికలో నుంచి బయటపడ్డారు. ఆమె ఇంకా లోపలికి పోయింది.

"ఇట్ల రాండి! నా గొంతెంబడి రాండి!"

ఇంకొందరు బయటపడ్డారు. చేతులు కాలిన దస్తగిరి ఆ గుంపులోనే వచ్చాడు. ఆమె ఇంకా లోపలికి, వాకిలి దాకా పోయింది.

మూడోసారి సగం మాటే వినిపించింది.

"ఇట్ల..."

అంతే. గుడారం కూలింది.

ఎంతమంది పోయారో ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. బూడిద తీసినప్పుడు సుంకులమ్మ తెర కిందనే ఉంది. ఎవరో ఆడమనిషి చెయ్యి ఆమె చేతిలో ఉంది. లాగుకొస్తూ ఇద్దరూ పోయారు. ఆసామి ఆ పొద్దే బండి కట్టించుకొని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ సీమలో అతన్ని చూసినవాళ్ళు లేరు.

బతికినవాళ్ళు ఆమెకు రాతిబొమ్మ పెట్టాలనుకున్నారు. రాతిపని చేసేవాడొచ్చి అడిగాడు.

"ఎట్లుండె ఆ యమ్మ మొగం?"

ఒకరు కోల అన్నారు. ఒకరు గుండ్రం అన్నారు. బొరుగులమ్మే ముసలామె ఏడ్చింది. "మొగం యాడ చూస్తిమి నాయనా? గొంతే నా చెవులో ఉండాది."

అందరూ దస్తగిరి వైపు తిరిగారు. అతను గుడ్డలు చుట్టిన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"మూడేండ్లు ఆ యమ్మ తెచ్చిన నీళ్ళు తాగినా" అన్నాడు. "ఒగ పొద్దన్నా తలెత్తి చూడల్యా."

బొమ్మ చెక్కలేదు.

ఏడాదికి దస్తగిరి వంకరపోయిన వేళ్ళతోనే మళ్ళీ పిడి పట్టాడు. తన గుడారంలో ఒక పక్కన గూటం కొట్టనివ్వలేదు, కంప వేయనివ్వలేదు. చీకటి చేసే ముందు జనం ఎదుట నిలబడి అడిగేవాడు. వాళ్ళు చూపించేదాకా పిడి ముట్టేవాడు కాదు.

దస్తగిరీ పోయాడు. ఆ గుడారాలూ పోయాయి. ఆ దిక్కున మాత్రం పెండ్లి పందిరి వేసినా, నాటకం పందిరి వేసినా, ఇప్పటికీ ఒక పక్క కట్టకుండా వదిలేస్తారు. జనం కూర్చున్నాక పెద్దవాళ్ళెవరో ఒకరు లేచి గట్టిగా అడుగుతారు.

"సుంకులమ్మ దిక్కేది?"

నేర్చిన పిల్లలూ, నేర్పిన తల్లులూ ఒక్కసారిగా ఆ పక్కకు చేతులు చాపుతారు.

ఒళ్ళో నిద్రపోయే బిడ్డ ఉంటే, తల్లే ఆ బిడ్డ చెయ్యి పట్టి చూపిస్తుంది.