ట్రాలీ ఎక్కిన తాత

ఉరుసు నాటి పొద్దున ఓబులేసు ముఖం మాడ్చుకుని దర్గాకు తిరిగొచ్చాడు. ఖాళీ ట్రాలీ తగిలించిన ట్రాక్టరును వంటపందిరి పక్కన ఆపి, దిగి, నేరుగా దస్తగిరి తాత దగ్గరికి నడిచాడు.

దస్తగిరి తాత ఆ దర్గాకు పెద్ద. ఆ చుట్టుపక్కల హిందువులూ ముస్లిములూ అందరూ ఆయన్ని తాతా అనే పిలుస్తారు. ఓబులేసు ఆయన శిష్యుడు. కళ్లు మూసుకుని కూర్చోమంటే కునికిపాట్లు పడతాడు గానీ, పని చెబితే ఒళ్లు దాచుకోడు. ఏటా ఉరుసుకు కొండ కనుమ అవతలి పల్లె జనాన్ని ట్రాలీలో తీసుకొచ్చి, మళ్లీ ఇళ్ల దగ్గర దింపి రావడం అతను తనకు తానుగా పెట్టుకున్న సేవ. ఆ సేవంటే అతనికి ప్రాణం. కాస్త గర్వం కూడా ఉండేది. బస్సు పోని పల్లె అది. అతను వెళ్లకపోతే అక్కడి ముసలీముతకా ఉరుసు ముఖం చూడలేరు.

తాత పందిట్లో కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతున్నాడు.

"బ్రేకు ఇన్‌స్పెక్టరు ఆపినాడు తాతా. కనుమ మొదట్లోనే. ట్రాలీలో పరిచిన గడ్డీ జంపఖానా చూసి, మనుషుల కోసమేనా అని అడిగినాడు. ఔను అన్యా."

"అబద్ధం చెప్పలేదు గదా. మంచిదే."

"ఏం మంచి తాతా! ట్రాలీకి దాని నంబరు దానికుండాలంట. వెనక ఎర్రదీపం ఉండాలంట. ట్రాక్టరుకు కలిపే పిన్ను ఊడినా పట్టుకునేదానికి గొలుసుండాలంట. ఇవన్నీ ఉన్నా సరే, మనుషుల్ని మాత్రం ఎక్కించేదానికి లేదంట. బస్తాలెక్కించుకోవాలంట, మనుషులు దాంట్లో ఎక్కకూడదంట. ఖాళీ బండి గాబట్టి వదిలిపెడతాండా, మనుషులతో కనపడితే బండి స్టేషన్లో పెడతా అన్యాడు."

తాత తల ఊపాడు. చేటలో ఒక రాయి దొరికింది, తీసి పక్కన పారేశాడు.

"ఆయప్ప గూడా మన దర్గాకు వచ్చేటోడే తాతా. నువ్వొక్క మాట ఫోన్లో చెప్తే చాలు. పల్లెలో అందరూ తలంట్లు పోసుకోని ఎదురు చూస్తాంటారు. పక్కీరమ్మ కొడుకు మంచాన పడి లేచినాడని, సమాధి మీద చాదర్ కప్పుతానని మొక్కుకుంది. ఆమెను తీసుకురాకుంటే నా ముఖం యాడ పెట్టుకోవాల? దేవుని పని మీద పోయే బండికి ఏమవుతాది?"

పల్లె వాళ్లకు ఇచ్చిన మాట పోతుందేమోనన్నదే అతని బాధ. తాతకు అది అర్థమైంది. అందుకే ఆయన కోప్పడలేదు. చేట పక్కన పెట్టి, మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"పద నాయనా. నేను గూడా వస్తా. ఇద్దరం పోయి పిల్చుకోని వద్దాం."

ఓబులేసు ముఖం విప్పారింది. తాతే బండిలో ఉంటే ఇంకెవరు ఆపుతారు? పరుగున వెళ్లి డ్రైవరు సీటు పక్కన మడ్గార్డు మీద దుప్పటి మడత పెట్టాడు. వెనక్కి తిరిగి చూస్తే తాత ట్రాలీ చక్రం మీద కాలు పెట్టి పైకెక్కడానికి తంటాలు పడుతున్నాడు.

"ఆడొద్దు తాతా! ఇట్ల నా పక్కన కూర్చో."

"అందరూ కూర్చునేది ఈడేగా?"

ఓబులేసు చెయ్యి అందించి ఎక్కించాడు. తాత గడ్డి మీద నాలుగడుగులు వేసి వెనక మూలకు పోయి, ట్రాలీ తలుపుకు వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఆ తలుపుకు ఆనుకోవద్దు తాతా. దాని కొక్కెం ఊడింది. తాడుతో కట్టినా."

"సరే నాయనా." తాత ముందుకు జరిగాడు.

ఓబులేసు ట్రాక్టరెక్కి తాళంచెవి మీద చెయ్యి వేశాడు. తిప్పలేదు. దిగి వెనక్కి వెళ్లి ట్రాక్టరుకూ ట్రాలీకీ మధ్య ఉన్న జాయింటు చూశాడు. అసలు పిన్ను ఎప్పుడో అరిగి పడిపోతే అతనే అందులో గునపం ముక్క దూర్చి, తీగ చుట్టాడు. తీగ తుప్పు పట్టింది. గొలుసు తగిలించాల్సిన కొక్కేనికి కిందటి ఉరుసులో దర్గా నుంచి తెచ్చి కట్టిన పచ్చ గుడ్డ ఉంది. ఏటా కొత్తది కడతాడు. ఆ గుడ్డ ఉంటే చాలనే ఇన్నాళ్లూ నమ్మాడు.

కనుమ దిగుడు గుర్తొచ్చింది. నిండు ట్రాలీ అక్కడ ట్రాక్టరును వెనకనుంచి తోస్తుంది. బ్రేకు ట్రాక్టరుకే ఉంది, ట్రాలీకి లేదు. ఆ మలుపులో ఏటా స్టీరింగు ఎంత బిగించి పట్టుకునేవాడో అతనికొక్కడికే తెలుసు. తీగను వేలితో కదిపి చూశాడు. అది పుల్లలా విరిగి చేతిలోకొచ్చింది.

అతను తలెత్తాడు. తాత గడ్డిలో కాళ్లు చాపుకుని హాయిగా ఉన్నాడు.

"దిగు తాతా."

"ఎందుకు?"

"నువ్వు దీంట్లో వద్దు. నాకు భయమైతాంది."

"నేనొక్కణ్నే గదప్పా, బరువు గూడా లేను. పక్కీరమ్మ కూర్చునేది యాడ?"

ఓబులేసు తాడుతో కట్టిన తలుపు వైపు చూశాడు. ఆమె కూర్చునేది సరిగ్గా ఆ వెనక మూలలోనే. కిందటేడు ఒళ్లో మనవరాలు కూడా ఉంది. ఆనుకోవద్దని ఆమెకు ఒక్క మాట చెప్పలేదు. అందరూ పాటలు పాడుతుంటే అతను ముందు కూర్చుని ఈల వేసుకుంటూ తోలాడు. చక్రం పట్టుకుని నిలబడి, తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు.

తాత తొందర పెట్టలేదు. ఏడుపు కాస్త తగ్గాక చెయ్యి చాపాడు. ఓబులేసు ఆయన్ని చంటిపిల్లను దించినట్టు భద్రంగా కిందికి దించాడు. తర్వాత వంగి, గునపం ముక్క పీకేసి, ట్రాలీని ట్రాక్టరు నుంచి విడదీశాడు.

"బాడుగ ఎక్కువిస్తే ఆ పల్లెకొచ్చే ఆటో ఒక్కటుంది తాతా. దాన్ని మాట్లాడి, పట్టినంత మందినే ఎక్కించుకోని, తడవలు తడవలుగా తెస్తా. కానీ అందరూ చేరేసరికి పొద్దు గూకుతాది. పొద్దు వాలకముందే, అసరు నమాజు కాంగానే గంధం గిన్నె ఎత్తి ఊరేగించాల గదా. అంతసేపు పెడితే గిన్నెలో ఆరిపోతాదే?"

తాత అతని భుజం మీద గడ్డిపోచ దులిపాడు.

"ఆరితే నీళ్లు కలుపుకుందాం లే. నువ్వు నిదానంగా రా."