తీతువు కూత వినబడలేదు

అనగనగా ఒక అడవిలో, కూతలను నమ్ముకుని బతికే దుప్పుల మంద ఉండేది. చిరుత వాగు దాటితే ఇసుకలో ఉన్న తీతువు పిట్ట కూసేది. అది విని మద్దిచెట్టు మీది కొండముచ్చు అరిచేవాడు. ఆ అరుపు విని మిట్ట మీది నెమలి కేక వేసేది. ఆ కేకతో మంద పరుగు తీసేది.

ఒక సాయంత్రం ఏ కేకా లేకుండానే చిరుత వచ్చింది. ఒక పిల్లను ఎత్తుకుపోయింది.

మందకు పెద్ద చుక్కమ్మ. ఆమెకు ఆ పూట నుంచి ఎవరిని చూసినా అనుమానమే. ముందు నెమలిని నిలదీసింది.

"కొండముచ్చు అరవందే నేనెలా కేక వేస్తానమ్మా?" అంది నెమలి.

"తీతువు కూయందే నేనెందుకు అరుస్తాను?" అన్నాడు కొండముచ్చు. "అయినా ఆ పిట్ట కూతే అపశకునం. దాన్ని కాపలా పెట్టారు చూడు, మీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"నేను కూశానక్కా. గొంతు చించుకుని కూశాను," అంది తీతువు.

చుక్కమ్మ ఇంకేమీ అడగలేదు. "గుడ్లు పెట్టడానికి వేరే ఇసుక చూసుకో, పో!" అని తరిమేసింది. ఆ చోట కొండముచ్చు తమ్ముణ్ణి కూర్చోబెట్టింది.

వారం తిరక్కుండా చిరుత మళ్లీ వచ్చింది. మళ్లీ ఏ కేకా లేదు. ఈసారి పోయింది చుక్కమ్మ సొంత బిడ్డ.

తమ్ముడు పరుగున వచ్చాడు. "అరిచాను పెద్దమ్మా! ఒట్టు!"

"మావాడు అబద్ధమాడడు," అన్నాడు కొండముచ్చు.

"పిట్ట అబద్ధమాడిందని నీకెలా తెలిసింది మరి?" అంది చుక్కమ్మ.

కొండముచ్చు తల గోక్కున్నాడు. అడిగిన చుక్కమ్మకూ ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఈసారి తప్పెవరిదని ఆమె అడగలేదు. ఆ వేళ ఎవరికి ఏం వినబడిందో, ఏం కనబడిందో మొదటి నుంచి చెప్పమంది.

"నేను అరుస్తుండగానే చిలుకల గుంపు దిగింది," అన్నాడు తమ్ముడు.

"నా చెవిలో చిలుకల గోల తప్ప ఏమీ పడలేదు," అన్నాడు కొండముచ్చు.

"వాగుకూ మద్దిచెట్టుకూ నడుమ వెదుళ్లలో వాలాయవి. మొన్నా అంతే," అంది నెమలి.

"మొన్ననే చెప్పలేదేం?"

"నువ్వు చిలుకల సంగతి అడిగావా?"

మూడు మాటలూ కలిపితే తప్పు దొరికింది. అది ఎవరిలోనూ లేదు. కూసేవారికీ వినేవారికీ నడుమ, చిలుకల గోలలో ఉంది.

చుక్కమ్మ వాగు వెంట వెతుక్కుంటూ పోయింది. తీతువు ఎగువ ఇసుకలో కొత్త గుడ్లు పొదుగుతోంది.

"తిరిగి రా చెల్లీ," అంది చుక్కమ్మ.

"రేపు మళ్లీ కూత వినబడకపోతే, ముందు ఎవరిని అనుమానిస్తావక్కా?"

తీతువు రెక్కలు సర్దుకుని అక్కడే ఉండిపోయింది.

ఆనాటి నుంచి చిరుతకు అందరికన్నా దగ్గరగా, వాగు ఒడ్డున కాపలా నిలబడింది చుక్కమ్మే.

నీతి: ఒక్కొక్కరికి తెలిసేది ఒక్కో ముక్కే. అన్నీ కలిపి చూడకముందే దోషిని ఎంచితే, దోషం ఉన్నచోటే ఉంటుంది.