శాస్త్రిగారి మూరకర్ర, సుంకులమ్మ రాశి

ఒకానొక రాజ్యంలో రాజుగారికన్నా ఆయన కిరీటానికే ఎక్కువ మర్యాద జరిగేది. రాజుగారి పేరు ఘనభూపాలుడు. ఆయన తీర్పు చెప్పినా ఏనుగు మీది నుంచే, దానం చేసినా ఏనుగు మీది నుంచే. నేల మీద నిలబడితే తానూ అందరిలాంటి మనిషేనని జనానికి తెలిసిపోతుందని ఆయన భయం. జనానికి ఆ సంగతి ఎప్పుడో తెలుసు.

ఆ ఏడు వరి విరగపండింది. పండించింది రైతులు. గొప్ప మాత్రం రాజుగారికి కావాలి. అందుకని ఒక ఆజ్ఞ వేశాడు. కోట ముందు మైదానంలో కొత్త ధాన్యాన్ని ఒక్కటే రాశిగా పొయ్యాలి. అది ఏనుగు మీద కూర్చున్న తన కిరీటమంత ఎత్తు లేవాలి. కొలిచి చూస్తే కిరీటం కొన తొమ్మిది మూరల దగ్గర ఉంది.

రాశి పొయ్యడం సుంకులమ్మ చేతి పని. ముప్ఫై ఏళ్లుగా ఆమే పోస్తోంది. ఆమె వెనక ముప్ఫైతొమ్మిది మంది ఆడవాళ్లు. కళ్లాల దగ్గర గంపలు నింపుకుని, కోట దాకా మోసుకొచ్చి, వెదురు మంచె ఎక్కి, గింజ సరిగ్గా ఒకే చోట పడేట్టు పొయ్యాలి. పక్కలు వాటంతటవే జారి సర్దుకుంటాయి. రోజుకి రెండు వందల గంపలు. ఒకటి ఎక్కువా లేదు, ఒకటి తక్కువా లేదు.

పర్యవేక్షణకి ఆస్థాన గణితశాస్త్రి త్రిలోచనశాస్త్రిగారిని వేశారు. ఆయన బిరుదులు చదవడానికి ఒక మనిషి, ఆయన మూరకర్ర మొయ్యడానికి ఇంకో మనిషి. మొదటిరోజే ఆయన పావుకోళ్లు టకటకలాడించుకుంటూ రాశి పక్కకి వచ్చాడు.

"కాళ్లవి విప్పండి సామీ," అంది సుంకులమ్మ. "రాశి దగ్గరికి చెప్పులతో ఎవరూ రారు."

"నేనెవరో తెలుసా?"

"చెప్పులేసుకున్నాయన."

మంచె మీద ఆడవాళ్లు గంపలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. శాస్త్రిగారు పావుకోళ్లు విప్పాడు. విప్పిన సంగతి మాత్రం మరిచిపోలేదు.

ఆ సాయంత్రం రాశి కొలిచారు. మూడు మూరలు. శాస్త్రిగారు వేళ్లు మడిచి, "రోజుకి మూడు మూరలు. మూడు రోజులకి తొమ్మిది. లెక్క తేలిపోయింది ప్రభూ!" అన్నాడు. రాజుగారు ఉబ్బిపోయి, 'వచ్చి మా కిరీటమంత ఎత్తు రాశి చూసి తరించండి' అని పొరుగు రాజుకి అప్పటికప్పుడు లేఖ పంపేశాడు.

రెండోరోజు రాశి మూర కూడా పెరగలేదు. మూరకి అయిదు వేళ్లు తక్కువ. మూడోరోజు జాన మీద ఒక వేలు. అలా అలా తగ్గి, ఎనిమిదోరోజు పెరిగింది ఆరు వేళ్లు. ఎనిమిది రోజులకీ కలిపి ఆరు మూరలు!

తొమ్మిదోనాటి పొద్దున నలభైమందినీ ఏనుగు ముందు నిలబెట్టారు.

"ఎనిమిది రోజులకి ఇరవైనాలుగు మూరలు రావాలి. ఆరు వచ్చాయి. పద్దెనిమిది మూరల ధాన్యం దారిలో మాయమైంది. మోసినవాళ్లే మేశారు ప్రభూ!" అన్నాడు శాస్త్రిగారు.

"గంపలు లెక్కపెట్టుకోండి సామీ. రోజుకి రెండు వందలు. ఎనిమిది రోజులకి పదహారు వందలు," అంది సుంకులమ్మ.

"గంపల లెక్క ఆడవాళ్ల లెక్క. శాస్త్రం మూరకర్రది."

రాజుగారు ఏనుగు మీది నుంచి ఉరిమాడు. "పొరుగు రాజు ఈ సాయంత్రానికి వచ్చేస్తున్నాడు! నా పరువు తీశారు. అందరికీ గుండ్లు గీయించి పొలిమేర దాటించండి!"

ఆ నలభైమందిలో వెనక నిలబడ్డ గంగులు ఏడుపు మొదలెట్టింది. దాని చంకలో మూడు నెలల పిల్ల. సుంకులమ్మ దానివైపు ఒకసారి చూసింది. పొలిమేర అవతల ఎండిన అడవి. పిల్లని ఎత్తుకుని ఎంత దూరమని నడుస్తుంది? ఆమె శాస్త్రిగారి వైపు తిరిగింది.

"ఇరవైనాలుగు మూరలు చూపిస్తే సరిపోతుందా సామీ?"

"అంటే, దాచిన చోటు చెప్తావన్నమాట!"

"చెప్పను. చూపిస్తా. ప్రభువులు రెండు వందలమంది భటుల్ని ఇప్పించాలి. కొలిచేది మాత్రం శాస్త్రిగారే. మళ్లీ నా కొలత ఆడకొలత అంటారు."

రాజుగారు ఒప్పుకున్నాడు. ధాన్యం దొరికితే చాలనుకున్నాడు.

సుంకులమ్మ భటుల్ని అడవికీ పంపలేదు, కళ్లాలకీ పంపలేదు. ఆరు మూరల రాశినే తవ్వించింది. ఆ గింజల్నే మైదానంలో పక్కపక్కన వేరే రాశులుగా పోయించడం మొదలుపెట్టింది. "మూడు మూరలు రాగానే ఆపండ్రా! చెప్పులు విప్పండ్రా!" అని ఆమె కేకలు. శాస్త్రిగారు ఉత్తకాళ్లతో ఒక రాశి నుంచి ఇంకో రాశికి మూరకర్ర పట్టుకుని ఎండలో పరుగులు.

ఒకటి. మూడు మూరలు. రెండు. మూడు మూరలు. మిట్టమధ్యాహ్నానికి పాత రాశి చోట నేల కనిపించింది. మైదానంలో ఎనిమిది రాశులు నిలబడ్డాయి. ప్రతిదీ మూడేసి మూరలు.

"ఎంతయింది సామీ?" అంది సుంకులమ్మ.

"ఇరవైనాలుగు," అన్నాడు శాస్త్రిగారు. ఆ వెంటనే ఉత్సాహం వచ్చి, "చూశారా ప్రభూ! దొంగసొత్తు కక్కించాను!" అని అరిచాడు.

ఏనుగు మీద రాజుగారు కొంచెంసేపు ఆలోచించాడు. ఆయనకి అది అలవాటు లేదు, అందుకని ఆలస్యమైంది.

"శాస్త్రీ, ఇది పొద్దుటి రాశే కదా? బయటి నుంచి ఒక్క గంప కూడా రాలేదే?"

"రాలేదు ప్రభూ."

"మరి పొద్దున ఆరు మూరలున్నది మధ్యాహ్నానికి ఇరవైనాలుగు ఎలా అయింది?"

శాస్త్రిగారు మూరకర్రని అటూ ఇటూ తిప్పి చూశాడు. అది ఏమీ చెప్పలేదు.

సుంకులమ్మే చెప్పింది. "గింజ కొన మీద పడుతుంది గానీ కొన మీద ఉండదు ప్రభూ. చుట్టూ జారి రాశి ఒళ్లంతా కప్పుకుంటుంది. అడుగు వెడల్పు కాకుండా కొన లేవదు. మొదటిరోజు రాశి ఒళ్లు ఎంత? ఇంత. అందుకని గబగబా లేచింది. ఎనిమిదోరోజు ఒళ్లు ఎంత? అంత! అవే రెండు వందల గంపలు, ఆ ఒళ్లంతా పరుచుకోవాలి. గిన్నెడు నూనె మా గంగులు బిడ్డకి రాస్తే కారిపోతుంది. మీ ఏనుగుకి రాస్తే చెవి కూడా తడవదు. నూనె ఎవరూ తాగలేదు ప్రభూ, ఒళ్లు పెద్దదైంది."

"అయితే పద్దెనిమిది మూరలు?"

"రాశి కడుపులో ఉన్నాయి. నమ్మకపోతే మళ్లీ కలిపి పోయించండి."

కలిపి పోశారు. పొద్దు వాలేసరికి శాస్త్రిగారు కొలిచాడు. ఆరు మూరలు. ఒక వేలు ఎక్కువా లేదు, ఒక వేలు తక్కువా లేదు.

రాజుగారి మొహం ఇంకా తేటపడలేదు. "అంతా బాగానే ఉంది. తొమ్మిది మూరలు ఎప్పటికి వస్తాయి?"

"మొదటిరోజు ఎత్తుకి రెండింతలు కావడానికి ఎనిమిది రోజులు పట్టింది. మూడింతలు కావాలంటే అడుగు అటూ ఇటూ మూడింతలు, ఎత్తూ మూడింతలు. మూడు మూళ్లు తొమ్మిది, తొమ్మిది మూళ్లు ఇరవైఏడు. ఇంకా పంతొమ్మిది రోజులు పొయ్యాలి."

అప్పుడే తూర్పు దారిలో దుమ్ము లేచింది. బాకా మోగింది. పొరుగు రాజు వచ్చేస్తున్నాడు.

"పంతొమ్మిది రోజులా! రాశి నా కిరీటమంత ఎత్తు ఉంటుందని లేఖలో రాశానే! ఇప్పుడేం చెయ్యను?"

సుంకులమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. రాశిని చూసింది, ఏనుగుని చూసింది.

"రాశి మీ కిరీటాన్ని అందుకోవాలంటే పంతొమ్మిది రోజులు ప్రభూ. మీరు ఏనుగు దిగడానికి అంత పట్టదు."

మావటివాడు ఏనుగు చెవి వెనక తల దాచుకున్నాడు.

రాజుగారు దుమ్ముని చూశాడు. సుంకులమ్మని చూశాడు. దిగాడు. నేల మీద కిరీటంతో కలిపి ఆయన సరిగ్గా నాలుగు మూరలు. వెనక ఆరు మూరల రాశి కొండలా నిలబడింది. వచ్చిన పొరుగు రాజు ఏనుగు సంగతి అడగనే లేదు. తల పైకెత్తి రాశిని చూస్తూ, "అబ్బ, మీ కిరీటాన్ని మించిపోయిందే!" అని నోరు వెళ్లబెట్టాడు.

ఘనభూపాలుడికి ముందు మీసం కదిలింది. తర్వాత పొట్ట కదిలింది. చివరికి పగలబడి నవ్వాడు. "సుంకులమ్మా! నీకూ నీ వాళ్లకీ ఆరు మూరల ధాన్యం ఇస్తున్నాను. విందు కాగానే పట్టుకెళ్లండి!"

శాస్త్రిగారు చప్పున ముందుకొచ్చాడు. చేతులు కట్టుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"ప్రభూ, మూరెడేసి రాశులు ఆరు పోయించమంటారా?"

"లెక్క వచ్చేసిందే సామికి!" అంది సుంకులమ్మ. "ఒక్కటే రాశిగా ఇప్పించండి ప్రభూ. పోసే ఉంది కూడా."

రాజుగారు వెనక్కి తిరిగి రాశిని కింది నుంచి పైదాకా చూసుకున్నాడు. మళ్లీ నవ్వడానికి ఈసారి కొంచెంసేపు పట్టింది. కానీ నవ్వాడు. మాట ఇచ్చింది పొరుగు రాజు ముందు కదా.

మర్నాడు శాస్త్రిగారు కూడా నాలుగు గంపలు మోశాడు. ఉత్తకాళ్లతోనే.