రెండో నెమలి

ఆ ఊళ్లో చదువొచ్చినవాళ్లు తక్కువ. అందుకే ప్రతి కొట్టు గోడమీదా ఒక బొమ్మ ఉండేది. ఆ బొమ్మ పేరే కొట్టు పేరు. కొత్తగా నూనె కొట్టు పెట్టిన పేరిశెట్టి, బొమ్మలు వేసే ఓబన్నను పిలిచి ఖర్చెంతని అడిగాడు.

"రంగులకు రెండు వరహాలు. మీ కొట్టుకే చెల్లే బొమ్మ ఆలోచించినందుకు ఎనిమిది."

"ఆలోచనకు కూలేమిట్రా? ఎదురు నూనె కొట్టుకు నువ్వేసిన నెమలి ఉందిగా, అదే వేసెయ్!"

ఓబన్నకు ఒళ్లు మండింది. మారు మాట్లాడకుండా రెండు వరహాలు పుచ్చుకుని, అచ్చం అలాంటి నెమలినే వేశాడు.

శెట్టి నువ్వులనూనె అమృతంలా ఉండేది. తిన్నవాళ్లంతా "నెమలి కొట్టులో కొనండి" అని ఊరంతా చెప్పారు. విన్నవాళ్లంతా పాత నెమలి కొట్టుకే వెళ్లారు.

శెట్టి నడివీధిలో ఓబన్నను నిలదీశాడు. "నన్ను నిలువునా ముంచావు కదరా!"

"మీరిచ్చిన డబ్బుకు రంగు చుక్కైనా తగ్గలేదు శెట్టిగారూ. ఆలోచనకు డబ్బిచ్చింది ఎదురు కొట్టాయన. అది ఆయనకే పనిచేస్తోంది."

వీధంతా నవ్వింది. శెట్టి తలదించుకుని వెళ్లిపోయాడు.

ఏడాది తిరక్కుండానే శెట్టి కొట్టు మూతపడింది. అలాంటి నూనె ఊళ్లో మళ్లీ దొరకలేదు. కంచంలో కూర కెలుకుతూ ఓబన్న భార్యతో అన్నాడు:

"జవాబు బాగానే చెప్పానే. కుంచె ముంచకముందు చెప్పాల్సింది."